ఉన్నదున్నట్టు రాస్తే ‘కృతకం’ అన్నారు, కల్పించి రాస్తే అచ్చేశారు. ఏంటీ లెక్క?

డిండి_వాగు
మా నాయిన పోయిన ఏడాది పోయాడు. ఆ రోజు ఆసుపత్రిలో జరిగిందంతా ఉన్నదున్నట్టు కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. ‘అనుభూతి కృతకంగా ఉంది’ అని తిప్పి పంపారు. అందులో ఒక్క సంఘటన కల్పించింది లేదు. రాస్తూ నిజంగానే ఏడ్చాను.

దీనికి ముందు, టికెట్ డబ్బుల సంచి పోగొట్టుకున్న ఆర్టీసీ కండక్టర్ మీద ఒక కథ రాశాను. బస్సెక్కడం తప్ప కండక్టర్ల గురించి నాకేమీ తెలియదు. అది అచ్చయింది. దేవరకొండ నుంచి ఒకాయన ఫోన్ చేసి ‘మీరు ఏ డిపోలో చేసిన్రు సార్’ అని అడిగాడు. అబద్ధానికి ఫోన్లు వస్తున్నాయి, నిజం తిరిగి ఇంటికొస్తోంది. సొంత బాధను కథలో పెట్టడమే తప్పా?

గడియారం_చౌరస్తా
తిప్పి పంపారంటే కనీసం తెరిచి చూశారన్నమాట. నావి ఎటు పోయాయో కూడా తెలియదు. నల్గొండ నుంచి మెయిల్ కూడా పల్లెవెలుగులోనే పోతుందేమో.

టీచరమ్మ
కథంతా వద్దు గానీ, నాయిన పోయిన చోట ఒక్క పేరా ఇక్కడ పెట్టు తమ్ముడూ. చూడకుండా ఏం చెప్తాం.

డిండి_వాగు
ఇదుగో అక్కా:

‘డాక్టర్ బయటకు వచ్చి తల అడ్డంగా ఊపాడు. నా కాళ్ల కింద భూమి కంపించింది. గుండె వెయ్యి ముక్కలైంది. నాన్నా! అని ఆక్రందించాను. కన్నీళ్లు ధారాపాతంగా కారిపోతున్నాయి. ప్రపంచమంతా చీకటైపోయింది.’

గడియారం_చౌరస్తా
డాక్టర్ తల అడ్డంగా ఊపడం సినిమాల్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

రాత్రి_డ్యూటీ
నేను నర్సుని. డాక్టర్ బయటకు రావడమే తక్కువ. మేమే వచ్చి ‘ఈ పేషెంట్ అటెండెంట్ ఎవరు’ అని పిలుస్తాం. ఆ పిలుపులోనే చాలామందికి అర్థమైపోతుంది.

టీచరమ్మ
ఉన్నదున్నట్టు రాశానన్నావు. కానీ ఈ పేరాలో నువ్వెక్కడా లేవు. ఇంట్లో నాయిన అని పిలిచేవాడివి ఆసుపత్రిలో నాన్నా అని ఎందుకు అరుస్తావు? భూమి కంపించడం, గుండె ముక్కలవడం మనం ఇదివరకు చదివిన కథల్లోంచి వచ్చి కూర్చున్నాయి. బాధ నీదే, మాటలు మాత్రం ఎవరివో.

ఒకటి అడుగుతాను. సిస్టర్ ఆ మాట చెప్పాక మొదటి అరగంట నువ్వు ఏం చేశావు? ఏమనిపించిందో వద్దు, చేసింది చెప్పు.

డిండి_వాగు
చేసిందా? జిరాక్స్ తీయించాను.

బాడీ ఇవ్వాలంటే నాయిన ఆధార్ జిరాక్స్ కావాలన్నారు. ఆసుపత్రి ఎదురుగా షాపు ఉంది. కరెంటు పోయింది, వచ్చేదాకా నిలబడ్డాను. వచ్చాక తీస్తే నాయిన ముఖం మొత్తం నల్లగా వచ్చింది. ‘అన్నా ఇంకోటి తియ్యి, ముఖం కనిపిస్తలేదు’ అన్నాను. రెండోది కూడా అంతే. మూడోది కొంచెం నయం. మూడింటికీ డబ్బులు తీసుకున్నాడు. చిల్లర లేదని ఒక చాక్లెట్ చేతిలో పెట్టాడు. జేబులో వేసుకున్నాను. సాయంత్రం కట్టె దగ్గర స్నానానికి అంగీ విప్పినప్పుడు అది కిందపడింది, మా మేనల్లుడు తీసుకొని తిన్నాడు.

ఇవన్నీ కథలో ఎందుకని రాయలేదు. చిల్లర సంగతి కదా.

కందిచేను
…

మేస్త్రీ_కొడుకు
అన్నా, కథ ఇదే కదా!

పిల్లలమర్రి_నీడ
‘ముఖం కనిపిస్తలేదు, ఇంకోటి తియ్యి’. పొద్దున్నే ఇది చదివి ఆఫీసుకెలా పోవాలి.

జూరాల_గేటు
అందరూ కరిగిపోయే ముందు ఒక మాట. జిరాక్స్ నిజంగా జరిగింది కాబట్టి బాగుందా, లేక బాగుంది కాబట్టి బాగుందా? నేను కల్పించి రాసినా అంతే బాగుండేది. ‘అనుభవించి రాయాలి’ అన్నది సభల్లో శాలువా కప్పేటప్పుడు చెప్పే మాట. నేను హత్య కథలు రాశాను. ఎవర్నీ చంపలేదు, మా ఓనర్ మీద కోపం వచ్చినా చంపలేదు. కండక్టర్ కథ అచ్చయిందని పైన ఈయనే చెప్పాడు. ఆ సంచి ఎక్కడిది?

డిండి_వాగు
@జూరాల_గేటు అన్నా, మీరడిగాక ఆలోచిస్తే తడుతోంది. ఇంటర్‌లో హాస్టల్ ఫీజు కట్టమని నాయిన డబ్బులిస్తే, బస్టాండులో ఒక పావుగంట ఆ కవర్ కనిపించలేదు. బ్యాగులో పుస్తకాల మధ్యే ఉంది. ఆ పావుగంటలో ఇంటికెట్లా పోవాలి, ఏం చెప్పాలి అని కడుపులో ఒకటే తిప్పడం. కండక్టర్‌కు పెట్టింది ఆ తిప్పడమే అనుకుంటా. రాసేటప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు.

టీచరమ్మ
చూశారా జూరాల గారూ. కండక్టర్ కల్పితం, సంచి కల్పితం, కడుపులో తిప్పడం మాత్రం ఈయనదే. హత్య కథలోనూ అంతే. చంపాలనేంత కోపం ఓనర్ మీద మీకు వచ్చిందని మీరే అన్నారు. కథ పాలు ఎక్కడ తెచ్చుకున్నా ఫర్వాలేదు, తోడు మాత్రం ఇంట్లోది కావాలి.

జూరాల_గేటు
తోడు పక్కింట్లో కూడా అడిగి తెచ్చుకుంటారు మేడమ్.

గడియారం_చౌరస్తా
మా పక్కింటివాళ్లు అడిగినా ఇవ్వరు. చీకటి పడ్డాక అసలే ఇవ్వరు.

టీచరమ్మ
మా హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఒకసారి ‘నువ్వు భయపడిన రోజు’ అని రాయమన్నాను. దాదాపు అందరూ దయ్యం రాశారు. చింతచెట్టు, అమావాస్య, తెల్లచీర. అన్నీ ఒకేలా ఉన్నాయి. మర్నాడు దయ్యాలు, పాములు బంద్ అని చెప్పి మళ్లీ రాయించాను. ఒక పిల్ల రెండే వాక్యాలు రాసింది: ‘నాయిన బండి సౌండ్ దూరం నుంచే తెలుస్తది. టీవీ బంద్ చేసి పుస్తకం పట్టుకుంటం, తలకిందులుగ పట్టుకున్నా చూసుకోం.’ భయం అన్న మాటే అందులో లేదు. ఆ నోట్‌బుక్ దిద్దకుండా చాలాసేపు కూర్చున్నాను. తర్వాత వాళ్లమ్మను పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

మేస్త్రీ_కొడుకు
నా కేసు ఇంకో రకం. మాది నారాయణపేట వైపు. అమ్మా నాయినా ఇద్దరూ దసరా కాగానే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వెంట పోయేవాళ్లు. పూణే, ముంబై, ఏది దొరికితే అది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ బోరుకో పెళ్లికో ముందే అయిపోయేది, ఇక పోక తప్పదు. నేను అవ్వ దగ్గర ఉండేవాణ్ని.

పాలమూరు వలస మీద రాయి అని అందరూ అంటారు. అందరికీ కావాల్సింది ఒకటే సీను, బస్సు వెనక ఏడుస్తూ ఉరికే పిల్లగాడు. నేను ఉరకలేదు. బస్సు పోతే నాకు పండగ. అవ్వకు బడి పట్టింపు లేదు, అడిగితే చాయ్‌లో నాలుగు బిస్కెట్లు వేసేది. నాకు ఏడుపొచ్చేది వాళ్లు తిరిగొచ్చినప్పుడు. ఉగాది ముందు రాత్రిపూట ఒక నల్లటి, చిక్కిపోయిన మనిషి వచ్చి అవ్వ పక్కన నా చోట్లో పడుకునేవాడు. పొద్దున లేస్తే ప్లాస్టిక్ హెలికాప్టర్ ఇచ్చేవాడు. తీసుకునేవాణ్ని, మాట్లాడేవాణ్ని కాదు. అమ్మ ఎత్తుకోబోతే అవ్వ కొంగు వెనక దాక్కునేవాణ్ని. అమ్మ అప్పుడు ఏం చేసేదో నాకు ఇప్పటికీ గుర్తుంది, అది మాత్రం ఇక్కడ రాయను.

ఇది కథగా రాసి ఒక సమావేశంలో చదివితే ఒక పెద్దాయన లేచి ‘వలస బాధ తగినంతగా రాలేదు’ అన్నాడు. తగినంత అంటే ఎన్ని లీటర్లు?

పిల్లలమర్రి_నీడ
‘ఎన్ని లీటర్లు’ 😂 ఆ పెద్దాయన ప్రతి సమావేశంలోనూ ఉంటాడు. మా ఊళ్లో కూడా ఒకాయన ఉన్నాడు.

జూరాల_గేటు
అంటే వలస పోనివాడు వలస మీద రాయకూడదా? మాది కాలువ కింద పొలం, మా ఇంట్లో ఎవరూ మేస్త్రీ వెంట పోలేదు. నేను రాస్తే దొంగతనమా?

మేస్త్రీ_కొడుకు
రాయకూడదని ఎవరన్నారు సార్. రాసే ముందు ఒకసారి ఆ బస్సెక్కి రాత్రంతా కూర్చొని రమ్మంటున్నా. ఏడ్చేవాళ్లకంటే నవ్వేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. కోపం వచ్చేది ఎక్కడంటే, పోనివాళ్లు రాసిన కథల్లో మా అమ్మకు ఎప్పుడూ కన్నీళ్లే ఉంటాయి, తిట్లుండవు. మా అమ్మ మేస్త్రీని తిట్టే తిట్లు అచ్చేస్తే పత్రిక మూసేస్తారు.

మర్రిగూడ_రోడ్డు
@మేస్త్రీ_కొడుకు, మీ పెద్దాయనకు మా ఊరి అడ్రస్ ఇవ్వకండి.

ఫ్లోరైడ్ కథలు చదివితే నాకూ ఇదే మంట. మా తాతకు నడుము వంగిపోయింది, మెడ తిరగదు, పిలిస్తే మనిషంతా తిరగాలి. రాసేవాళ్లకు ఆయన ఒక వంగిన నడుము. మా ఇంట్లో ఆయన ఒక పెత్తనం. అంత వంగీ ఇంటిల్లిపాదినీ హడలగొట్టేవాడు. ఎప్పుడో 1970ల్లో నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి కనిపెట్టిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తెట్టె కిందకు దిగాక పైనీళ్లు వంచుకోవాలి. మా ఇంట్లో ఆ బకెట్ డ్యూటీ నాది. తేరేదాకా బకెట్ కదిలిస్తే తాత కట్టె విసిరేవాడు. గురి తప్పేది కాదు.

చిన్నప్పుడు నాకు ఆయన మీద జాలి లేదు, చిరాకు ఉండేది. పెళ్లికి పోవాలంటే బస్సెక్కించడానికి ఇద్దరు కావాలి, జనమంతా చూసేవాళ్లు, నాకు తల కొట్టేసినట్టుండేది. కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చేసరికి తాత లేడు. కథ రాయాలంటే ఆ చిరాకుతోనే మొదలుపెట్టాలి. జాలితో మొదలుపెడితే ఆయనే వచ్చి కట్టె విసురుతాడు.

కందిచేను
అక్కా, ఇది కథగా రాయండి. ఆజ్ఞ.

సోమశిల_ఒడ్డు
నా అనుమానం వేరే. మనకు జరగనే జరగనిదాన్ని ఎట్లా రాయాలి? మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం డ్యాం నీళ్లలో పోయింది. 1981 నాటి మాట, నేనింకా పుట్టలేదు. ఊరు ఎట్లుండేది అని అడిగితే అమ్మమ్మ ఏమీ చెప్పదు. ఏం తెచ్చుకున్నారు అని అడిగితే మాత్రం ఆగకుండా చెప్పింది. తలుపులు పీకి తెచ్చుకున్నారట, ద్వారబంధాలతో సహా. కొత్త ఊళ్లో ఇల్లు లేవడానికి చాలాకాలం పట్టింది. అప్పటిదాకా ఆ తలుపులు వేపచెట్టుకు ఆనించి ఉండేవట. అమ్మమ్మ రోజూ వాటి మీద దుమ్ము తుడిచేదట.

సమాచారం దొరికింది. ఇల్లు వదలడం ఎట్లుంటుందో నాకు తెలియాలి కదా. చివరికి నేను ఐదో తరగతిలో గురుకులంలో చేరిన రోజు తీసుకున్నాను. ట్రంకు పెట్టె మీద పెయింట్‌తో నా పేరు రాయించారు. ఆ పేరు చూసి ‘ఇక నేను ఇక్కడివాణ్ని కాదు’ అనిపించింది. ఆ అనిపించడాన్ని ఎత్తి అమ్మమ్మకు పెట్టాను. ఆమెకు చదివి వినిపిస్తే ‘నీకెవరు చెప్పిన్రు’ అంది.

జూరాల_గేటు
ఇది ఒప్పుకుంటా. పక్కింటి తోడు కాదు, సొంతదే.

రాత్రి_డ్యూటీ
ఒక పరిశోధన గుర్తొచ్చింది, నర్సింగ్‌లో చదివాను. అమెరికాలో పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు, ఇంకొకరు కలిసి 1986లో ప్రచురించారు. కాలేజీ పిల్లలతో వాళ్ల జీవితంలో బాగా కుదిపేసిన విషయాన్ని రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు రాయించారు. కొందరిని సంఘటన మాత్రమే రాయమన్నారు, కొందరిని మనసులో పడ్డది మాత్రమే, కొందరిని రెండూ కలిపి. రెండూ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు ఎక్కువైంది. కానీ వాళ్లే తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్లారు.

డిండి గారి మొదటి పేరాలో మనసులో పడ్డది మాత్రమే ఉంది. జిరాక్స్ పోస్టులో జరిగింది మాత్రమే ఉంది. అందుకే చెప్తున్నా.

పిల్లలమర్రి_నీడ
కానీ మేడమ్, ఆ పిల్లలు రాసింది ఎవరూ చదివి మెచ్చుకోవడానికి కాదు కదా. మనసు తేలికపడటానికి రాసేది వేరు, చదివేవాడి మనసు బరువెక్కించడానికి రాసేది వేరు. ‘రాస్తూ ఏడ్చాను’ అంటే రచయితకు మంచిదే, కథకు మార్కులు పడవు. నేను కడుపుబ్బా నవ్వుకుంటూ రాసిన హాస్యకథకు ఇంతవరకు ఎవరూ నవ్వలేదు.

గడియారం_చౌరస్తా
నేను నవ్వాను. నవ్వించడానికి రాశావని తెలియక నవ్వాను.

రాత్రి_డ్యూటీ
@పిల్లలమర్రి_నీడ ఒప్పుకుంటా. అందుకే నేను డ్యూటీ నుంచి వచ్చాక డైరీ రాస్తాను, కథ జోలికి పోను. వార్డులో చూసినవి కథల్లో పెడితే ఆ ఇంటివాళ్లు గుర్తుపట్టరా? అది తప్పు. నావైతే నా ఇష్టం, పేషెంట్లవి నావి కావు.

కందిచేను
అసలు గొడవ అదే. మనవి అనుకున్నవన్నీ మనవి కావు. నా బాల్యం రాయాలంటే అందులో మా చిన్నమ్మ ఉంటుంది, బాబాయి తాగుడు ఉంటుంది. వాళ్లనేం చేయాలి?

కథలో_పాత్ర
ఎప్పుడూ చదివి పోతాను, ఈసారి రాయక తప్పట్లేదు. నేను రచయితను కాదు, పేరులో ఉన్నట్టు పాత్రను. కుదిరిన నా పెళ్లి లగ్గాలు పెట్టుకున్నాక తప్పిపోయింది. మా మేనబావ దాన్ని కథ రాశాడు. పేరు మార్చాడు, ఊరు మార్చాడు, నా మెడ మీది పుట్టుమచ్చ మాత్రం మార్చలేదు! బంధువుల పెళ్లికి పోతే అందరూ నా మెడే చూస్తున్నారు.

సంగతి బయటపడిందని కాదు నా కోపం. ఊరందరికీ తెలిసిందే. కథంతా నన్ను ఏడిపించాడు. కిటికీ దగ్గర ఏడుపు, బావి దగ్గర ఏడుపు, చివరికి నిశ్చితార్థం చీర ముఖానికి కప్పుకొని ఏడుపు. నేను ఏడ్వలేదు. వాళ్లు పెట్టిన ఉంగరం అడిగితే ఇచ్చేసి, మావాళ్లు చేయించిన నగ అమ్మించి కుట్టుమిషన్ కొనుక్కున్నాను. ఆ చీరను కోసి లంగాజాకెట్లు కుట్టి అమ్మాను, మంచి రేటొచ్చింది. బావకు ఇదంతా తెలుసు. ‘అట్లా రాస్తే జాలి రాదు’ అన్నాడు.

మర్రిగూడ_రోడ్డు
చీర కోసి లంగాజాకెట్లు! మీ బావ చేతిలో పడ్డదాన్ని పారేసుకున్నాడు.

మేస్త్రీ_కొడుకు
మీ బావ, మా సమావేశం పెద్దాయన ఒకే ఊరివాళ్లా?

నల్లకోటు
వకీలు సాబ్ వచ్చాడు, జరగండి. కందిచేను ప్రశ్నకు చట్టం సంగతి. పరువునష్టం మునుపు ఐపీసీ 499 కింద ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356. నేరం రుజువైతే రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. ‘ఇందులోని పాత్రలన్నీ కల్పితం’ అని కింద రాశాం కదా అని ధీమాగా ఉండకండి. పేరు మార్చినా నలుగురు గుర్తుపడితే కేసు వేయడానికి అవకాశం ఉంటుంది. పుట్టుమచ్చ అందుకు బంగారం లాంటి సాక్ష్యం. చనిపోయినవాళ్ల గురించి కూడా, బతికుంటే వాళ్ల పరువు పోయేలా, ఇంటివాళ్ల మనసు నొప్పించాలని రాస్తే ఇదే సెక్షన్ కిందకు రావచ్చు. ప్రతి కథకూ కేసు పడుతుందని కాదు, టెన్షన్ వద్దు. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పడే శిక్షకు మాత్రం ఏ కోర్టూ స్టే ఇవ్వదు.

గడియారం_చౌరస్తా
నా భార్య నా ప్రతి కథా చదివి ‘ఇది నేనేనా’ అంటుంది. కాదంటే ‘మరి ఎవరు’ అంటుంది. దీనికి సెక్షన్ ఉందా సార్?

నల్లకోటు
ఫ్యామిలీ కోర్టు పై అంతస్తులో.

టీచరమ్మ
కందిచేనూ, నేను చేసేది చెప్తాను, నచ్చితే తీసుకో. బాబాయి తాగుడును బాబాయికే ఉంచను. దాన్ని ఒక టీచరుకిస్తాను, లేదంటే ఆడమనిషికిస్తాను. తాగుడు కూడా తీసేసి పేకాట పెట్టొచ్చు. ‘ఈ రాత్రి ఏ మూడ్‌లో వస్తాడో’ అని తలుపు వైపు చూసే చిన్నమ్మ చూపును మాత్రం వదలను. అది ఎవరికి పెట్టినా నప్పుతుంది. ఎవరూ పుట్టుమచ్చ వెతుక్కోరు. మార్చిన కొద్దీ మనకు కూడా ధైర్యం వస్తుంది, ఉన్న మనిషిని పెట్టుకుంటే కలం మధ్యమధ్యలో మొహమాటపడుతుంది.

కథలో_పాత్ర
నేనైతే ఇంకా చిన్న కోరిక కోరతాను. అచ్చుకు ముందు ఒకసారి చూపించండి. వద్దనకపోవచ్చు, పుట్టుమచ్చ మాత్రం తీయిస్తాం.

జూరాల_గేటు
చూపిస్తే ప్రతి ఒక్కరూ తమను మంచిగా రాయమంటారు. అప్పుడు కథలో అందరూ మంచివాళ్లే, ఏమీ జరగదు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. అడగకుండా రాయాల్సినవి కొన్ని ఉంటాయి. ఇంట్లో కొట్టేవాణ్ని అడిగి కొట్టుడు గురించి రాస్తామా?

కథలో_పాత్ర
కొట్టేవాణ్ని అడగమనలేదు నేను. దెబ్బలు తిన్నవాళ్లను అడగమంటున్నా.

జూరాల_గేటు
సరే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

డిండి_వాగు
అన్నీ చదివాను. అమ్మను అడిగాను, జిరాక్స్ సంగతి రాయనా అని. ఆమెకసలు ఆ సంగతే తెలియదు. ‘మూడు కాగితాల్లో మిగతా రెండేవి’ అని అడిగింది. బాగా రాని రెండూ అక్కడే పారేశాను. ఆమె ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత ‘రాయి గానీ, పారేసినవని రాయకు’ అంది. ఇప్పుడేం చేయాలి?

పిల్లలమర్రి_నీడ
కథలో పారేయకండి. జేబులో మడిచి పెట్టించండి. అది కల్పితం, మిగతాది నిజం, అమ్మగారికి సంతోషం.

మేస్త్రీ_కొడుకు
వద్దన్నా. పారేయడమే రాయి. అమ్మ ఆ మాట అన్నది కూడా రాయి.

మర్రిగూడ_రోడ్డు
అమ్మ వద్దన్నది రాయమంటావేం తమ్ముడూ! పిల్లలమర్రి చెప్పిందే నయం. ఇంకొకటి, దయచేసి ఆ చాక్లెట్‌తో కథ ముగించకండి. ఇది చదివిన ప్రతి ఒక్కరూ చాక్లెట్ దగ్గరే ఆపుతారు.

డిండి_వాగు
నేను కూడా చాక్లెట్ దగ్గరే ఆపుదామనుకున్నా అక్కా. సరే, మధ్యలోకి తెస్తా. కరెంటు పోయినప్పుడు షాపులో ఇంకెవరెవరు నిలబడ్డారో గుర్తు చేసుకుంటున్నా. ఒక పిల్ల కులం సర్టిఫికెట్ కోసం వచ్చింది, నాకంటే ముందు తనకే తీయమని గొడవ పెట్టుకుంది.

టీచరమ్మ
ఆ పిల్లను వదలకు.

కందిచేను
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు, పత్రికలకు యూనికోడ్‌లో పంపితే తీసుకుంటారా, అను ఫాంట్లోనే టైప్ చేయించాలా? మా ఊళ్లో డీటీపీ వాడు పేజీకి చాలా అడుగుతున్నాడు.

పిల్లలమర్రి_నీడ
నేను యూనికోడ్‌లోనే పంపుతాను, ఇంతవరకు ఎవరూ కాదనలేదు. వర్డ్ ఫైల్ పెట్టండి. పీడీఎఫ్ ఒక్కటే పంపితే తిట్టుకుంటారు.